సంచి ఎవరి ఎదుట ఉంటే వాళ్ళే డ్రైవరు

మా జిల్లాలో డ్రైవర్లు లేకుండానే బస్సులు నడుస్తున్నాయనీ, అందుకు ఢిల్లీలో ఎవరో శాలువా కూడా కప్పారనీ మీరు పేపర్లో చదివే ఉంటారు. చదివి, ఇదేదో కంప్యూటరు మహిమ అనుకుని ఉంటారు. కంప్యూటరూ కాదు, మహిమా కాదు. దీనంతటికీ మూలం మా ఆవిడ కారు. ఆ సంగతి నేను చెప్పకపోతే రేపు చరిత్రలో ఇంకెవరి పేరో ఎక్కేస్తుంది కనుక చెబుతున్నాను.

నేను హైస్కూల్లో తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యాను. మా ఆవిడ భ్రమరాంబ లంకల్లో ఉన్న ఓ ఆరోగ్యకేంద్రంలో నర్సు. ఆవిడకింకా సర్వీసుంది. మా ఊరి నుంచి అక్కడికి కాలవగట్టు మీద రోడ్డు. ఒకపక్క కాలవ, ఒకపక్క వరిచేలు, మధ్యలో ఎదురొచ్చే బస్సులు. చాలాకాలం షేరాటోలో వెళ్ళింది. డ్రైవరు ఒళ్ళో తప్ప అన్నిచోట్లా మనుషుల్ని కూర్చోబెట్టే ఆ ఆటోలతో విసిగిపోయి చివరికి తనే కారు నేర్చుకుంది. ఆవిడ ఏ పనీ నిదానంగా చేయదు. ఇంజక్షనైనా అంతే, దోసైనా అంతే, కారూ అంతే. నాకా, స్టీరింగు చూస్తేనే భయం. పక్క సీట్లో కూర్చుని "చూసి, చూసి" అనడం తప్ప వాహనశాస్త్రంలో నాకు ప్రవేశం లేదు.

ఒక పాత కారు కొన్నాం. అమ్మినవాడు, "ఒక్క చేతి మీద నడిచిన బండండి. డాక్టరుగారిది. ఆదివారం గుడికి తప్ప బయటికి తియ్యలేదండి" అన్నాడు. లోకంలో పాత కార్లన్నీ డాక్టర్లవేననీ, డాక్టర్లందరూ ఆదివారం గుడికే వెళతారనీ నాకు ఆ తర్వాత తెలిసింది.

కొన్న మర్నాడు మా వీధి చివర షెడ్డున్న లోవరాజును పిలిచి చూడమన్నాం. లోవరాజు కారు చుట్టూ ఓ ప్రదక్షిణం చేసి, లోపల కూర్చుని తాళం తిప్పి, డాష్‌బోర్డు వంక తేరిపార చూశాడు.

"మేస్టారండీ, తాళం తిప్పగానే ఇక్కడో ఎర్రబొమ్మ ఎలిగి ఆరాలండి. మనిషీ, ఆడి ఎదర బంతీ ఉంటాదండి. ఇది ఎలగట్లేదండి."

"ఎర్రది వెలక్కపోతే మంచిదేగా?"

"ఎలిగి ఆరితే మంచిదండి. అసలెలక్కపోతే ఎవడో దాని నోరు నొక్కేసేడనండి."

స్టీరింగు మధ్యలో ఉండే మూత ఊడదీశాడు. డ్రైవరు గుండెకు అడ్డం పడాల్సిన ఎయిర్‌బ్యాగు ఉండేచోటు అది. అందులోంచి కొబ్బరిపీచు ఉండలు ఉండలుగా బయటికొచ్చింది. మా సీమలో ఖాళీ ఎక్కడ కనిపించినా అందులో పీచు కుక్కడం ఆచారం. దిళ్ళలో, సోఫాల్లో, గోడ కన్నాల్లో అదే. స్టీరింగులో కూడా ఉంటుందని మాత్రం నాకు తెలియదు.

"మంచి పీచేనండి. పరుపులకాడేది" అని లోవరాజు వేళ్ళతో నలిపి మరీ మెచ్చుకున్నాడు. తర్వాత ఎడమపక్క తట్టి చూసి, "మీ ఎదరది మాత్రం ఉందండి. ఒరిజినల్. దాన్నెవరూ ముట్టుకోలేదండి" అన్నాడు.

భ్రమరాంబ పీచు వంక చూసింది. నా సీటు వంక చూసింది. తర్వాత నా వంక చూసింది.

"బాగుందండీ. నడిపేది నేను, సంచేమో మీకూనా?"

"నేనేం అడిగి పెట్టించుకోలేదు కదా."

"పెళ్ళిలో కూడా పెద్ద పీట మీకే వేశారు. అప్పుడూ మీరేం అడగలేదు."

ఆవిడ నవ్వుతూనే అంది కానీ ఆ పూట నాకు అన్నం సయించలేదు. కాలవగట్టు, ఎదురొచ్చే బస్సు, ఆవిడ వేగం, ఆ పీచు. ఈ నాలుగూ కలిపి ఆలోచిస్తే నాకు నిజంగా భయం వేసింది. ఏమైనా సరే, భ్రమరాంబ ఎదుట అసలైన ఎయిర్‌బ్యాగు ఉండి తీరాలనుకున్నాను.

కంపెనీ వర్క్‌షాపువాళ్ళు మర్యాదగానే మాట్లాడారు. కొత్తది తెప్పిస్తామన్నారు, దాని వైర్లూ, కంట్రోలు పెట్టె కూడా మారుస్తామన్నారు. "కాకపోతే కొత్త రూలొచ్చిందండి. మండలి అనుమతి తేవాలి" అన్నారు.

ఆ ఏడు మా జిల్లాకు ఎయిర్‌బ్యాగుల మీద భక్తి కుదిరింది. అంతకు ముందేడు మొక్కలు నాటారు. ఆ ముందేడు అందరిచేతా ఆసనాలు వేయించారు. ఈసారి రిపబ్లిక్ డే నాటికి జిల్లాలో ఎయిర్‌బ్యాగు లేని డ్రైవరు ఒక్కడు కూడా ఉండకూడదని ప్రతిజ్ఞ చేశారు. బడిపిల్లలచేత బెలూన్లు పట్టించి ఊరేగింపు తీశారు. వాయుకోశ పునరుద్ధరణ మండలి అని ఒకటి పెట్టి, దానికి దండిభట్ల విశ్వంభరంగారిని ప్రత్యేకాధికారిగా వేశారు. వాయుకోశం అంటే ఎయిర్‌బ్యాగే. విశ్వంభరంగారు జీవోలు రాసి రాసి ఇంట్లో చారు కావాలన్నా అదే భాషలో అడుగుతారని ప్రతీతి.

"కూర్చోండి మేష్టారూ. తమ అభ్యర్థన మిక్కిలి ప్రజాప్రయోజనాత్మకమైనది" అన్నారాయన. "అయితే మా మండలి నామధేయము గమనించితిరా? పునరుద్ధరణ మండలి. ఉండి పోయినదానిని తిరిగి నెలకొల్పుట మా పరిధి. ఎన్నడూ లేనిదానిని కల్పించుట మా పరిధి కాదు. సదరు వాహనమందు సదరు వాయుకోశము పూర్వము ఉండెననుటకు నిదర్శనమేమి?"

"స్టీరింగు మీద దాని పేరు అచ్చేసి ఉందండి."

"నా గుమ్మము మీద నా పేరున్నది. నేను సెలవులో ఉన్నపుడు కూడా ఉండును."



ఆయన సాయం చేసే మనిషే. వివరంగా చెప్పారు. సంచి ప్రమాదంలో విచ్చుకుని పోయి ఉంటే ఆ ప్రమాదం జరిగినట్టు ధ్రువీకరణ కావాలి. ఎవరైనా ఎత్తుకుపోయి ఉంటే పోలీసు కేసు కావాలి. కారమ్మినవాణ్ణి అడిగితే, "గుడికెళ్ళే బండికి ప్రమాదవేంటండీ, అపచారం!" అని చెంపలు వేసుకున్నాడు. ప్రమాదం లేదు కనుక దొంగతనమే అయి ఉండాలి. భ్రమరాంబా నేనూ స్టేషనుకు వెళ్ళాం.

"పోయిన సొత్తు ఆఖరుసారి ఎప్పుడు చూశారు?" అన్నాడు హెడ్డు.

"ఎప్పుడూ చూడలేదండి."

"రంగేంటి?"

"తెలీదండి."

"సైజు?"

"మడిచి ఉంటే చిన్నదండి. విచ్చుకుంటే పెద్దదండి."

హెడ్డు నిట్టూర్చాడు. "పోనీ, ఎవరి మీదన్నా అనుమానం?"

నేను నోరు విప్పేలోగా భ్రమరాంబ అందుకుంది. "మా ఆయన మీదేనండి. ఒకే కారు, పక్కపక్క సీట్లు. ఆయనది భద్రంగా ఉంది, నాదే పోయింది."

హెడ్డు కలం కిందపెట్టి నన్ను కొత్తగా చూడ్డం మొదలుపెట్టాడు. ఆవిడ వేళాకోళమాడిందని నమ్మించి అక్కణ్ణించి బయటపడేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. కేసు మాత్రం రాయలేదు.

ఇలా ప్రమాదానికీ దొంగతనానికీ మధ్య మేం వేలాడుతుండగానే రిపబ్లిక్ డే దగ్గర పడింది. అప్పటికి విశ్వంభరంగారి మండలి పునరుద్ధరించిన ఎయిర్‌బ్యాగుల సంఖ్య సున్న. పైనుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఒకరోజు ఆయనే స్వయంగా మా ఇంటికొచ్చి, కారు తలుపు తీసి, నా సీట్లో కూర్చుని, ఎదురుగా ఉన్న సంచి మూతను చాలాసేపు నిమిరారు. దిగేసరికి ఆయన ముఖం వెలిగిపోతోంది.

"మేష్టారూ, సమస్యను మనము తలక్రిందులుగా చూచుచున్నాము. నిబంధన ఏమి? చోదకుని ఎదుట వాయుకోశము ఉండవలెను. వాయుకోశమును చోదకుని కడకు తెచ్చుట మన వల్ల కాలేదు. కావున చోదకునే వాయుకోశము కడకు తెచ్చెదము."

"ఆవిడ ఈ పక్కన కూర్చుంటే స్టీరింగు అందదు కదండీ?"

"ఆమె ఏల కూర్చుండవలెను? అక్కడ తమరు కూర్చుండుచునే ఉన్నారు గదా. తమరే చోదకులు."

మూడో రోజుకల్లా ఉత్తర్వు వచ్చింది. 'ఏ వాహనమందు ఎవరి ఎదుట వాయుకోశము కలదో వారే చోదకులు. తక్కినవారు, తమ చేతులలో ఏ వస్తువును పట్టుకొనియున్నప్పటికిని, ప్రయాణికులు.' అంతే. ఒక్క స్క్రూ తిప్పకుండా, ఒక్క సంచి కొనకుండా జిల్లాలో ఎయిర్‌బ్యాగు లేని డ్రైవరనేవాడు లేకుండా పోయాడు. జెండా వందనం రోజున విశ్వంభరంగారు కళ్ళు తుడుచుకున్నారని చూసినవాళ్ళు చెప్పారు.

డ్రైవరన్నాక లైసెన్సు ఉండాలి. పరీక్షకు వెళ్ళాను. ఇనస్పెక్టరు వెనకసీట్లో కూర్చుని "బండి తీయుడు" అన్నాడు. నేను "భ్రమరా, తియ్యి" అన్నాను. తీసింది.

"చూసి. గేదె, గేదె! హారను కొట్టు. అబ్బ, మెల్లిగా. వాడు ఆగడు, మనమే ఆగాలి. బ్రేకు! బ్రేకంటే వినపడదూ?"

ఇనస్పెక్టరు ముచ్చటపడ్డాడు. "చోదకత్వమున ఎంతకాలపు అనుభవము?" అని అడిగాడు. "ఊళ్ళో తిరగడానికి ఆవిడ స్కూటీ కొన్నప్పట్నించీ వెనక కూర్చుని చేస్తున్నానండి" అన్నాను. అక్కడికక్కడే పాసు చేశాడు. వెళుతూ వెళుతూ భ్రమరాంబను మాత్రం మందలించాడు. వాహనం నడుస్తుండగా ప్రయాణికులు డ్రైవరుతో వాదించరాదట. ఈ ఒక్క నిబంధనా నాకు చాలా నచ్చిందని ఒప్పుకోవాలి. భ్రమరాంబ చట్టానికి కట్టుబడి మాట మానేసింది. ఆ కోపం యాక్సిలరేటరు మీద చూపించింది.

డ్రైవరు లేకుండా కారు కదలకూడదు కనుక ఆవిడ డ్యూటీకి రోజూ నేనూ వెళ్ళాల్సొచ్చింది. ఆరోగ్యకేంద్రం వరండాలో బెంచీ మీద కూర్చుని పేపరు చదువుకునేవాణ్ణి. సూది మందు కోసం వచ్చినవాళ్ళు, "డ్రైవరుగారూ, కాత్త జరగండి" అనేవారు. సగం లంకలకు ఛందస్సు నేర్పినవాణ్ణి, జరిగేవాణ్ణి.

ఉత్తర్వు మా కారుతో ఆగుతుందా? కొబ్బరికాయల లారీ ఒకటి వెళ్ళి వెళ్ళి ఓ టీకొట్టులోకి దూరింది. లారీకి ఏ సీటు ముందూ సంచి లేదు. పోలీసులొచ్చి డ్రైవరేడని అడిగితే, స్టీరింగు పట్టుకున్నతను ఉత్తర్వు తీసి చూపించి, "నేను ప్రయాణికుణ్ణండి. నాకు దెబ్బలు తగిలేయి, పరిహారం ఎవరిస్తారండి?" అని ఎదురడిగాడు. వెతగ్గా వెతగ్గా డ్రైవరు దొరకలేదు. చివరికి టీకొట్టు లారీకి అడ్డం వచ్చిందని రాసుకున్నారు.

బస్సుల్లో కూడా సంచులు లేవు. ఒక కండక్టరు చట్టం చదువుకున్నవాడు, ముందుసీట్లో ఖాకీ చొక్కా వేసుకుని స్టీరింగు పట్టుకున్నాయనకు టిక్కెట్టు కొట్టాడు. ఆయన టిక్కెట్టు తీసుకుని, అయితే తనకు కిటికీపక్క సీటు కావాలనీ ఎండ పడుతోందనీ గొడవకు దిగాడు. బస్సు నడుస్తూనే ఉంది. ఈ లెక్కలన్నీ మండలి పైకి పంపింది. నడుస్తున్న బస్సులు: అన్నీ. వాటిలో డ్రైవర్లు: లేరు. ఆ కాగితం చూసిన ఢిల్లీ పెద్దలు కుర్చీల్లోంచి లేచి నుంచున్నారట. డ్రైవరులేని వాహనాల కోసం విదేశాలవాళ్ళు తలలు బద్దలు కొట్టుకుంటుంటే ఒక జిల్లా చడీచప్పుడూ లేకుండా సాధించేసింది మరి. విశ్వంభరంగారికి శాలువా కప్పారు. మీరు పేపర్లో చూసిన ఫొటో అదే.

అందరూ బాగుపడ్డారు. భ్రమరాంబ ఎదుట పీచు మాత్రం పీచులాగే ఉంది.

ఒకరోజు సాయంత్రం వస్తుంటే, కాలవగట్టు మలుపులో ఆ డ్రైవరులేని బస్సే మా మీదికి వచ్చేసింది. భ్రమరాంబ బ్రేకు మీద నుంచుంది. కారు గట్టు అంచున ఆగింది. బెల్టు పట్టుకోబట్టి సరిపోయింది కానీ ఆవిడ గడ్డం స్టీరింగుకు బెత్తెడు దూరం దాకా వెళ్ళి ఆగింది. నా ఎదుట నా సంచి నిక్షేపంగా ఉంది. దాని మూత మీద దుమ్ము కూడా కదల్లేదు. కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. ఇంతమంది ఇంత భక్తిగా పనిచేస్తుంటే నా పెళ్ళానికి ఒక్క సంచి సంపాదించలేకపోయాను కదా అని నామీద నాకే అసహ్యం వేసింది.

"ఏడవకండి. డ్రైవరుకి చూపు మసకైతే ప్రమాదం" అంది భ్రమరాంబ.

మర్నాడు సెలవు పెట్టి మండలికి తనే వచ్చింది. నన్ను వెనక నుంచోబెట్టింది.

"నేను ప్రయాణికురాలినే కదండీ?" అని అడిగింది.

"నిస్సంశయముగా" అన్నారు విశ్వంభరంగారు.

"ప్రయాణికులకి ఎయిర్‌బ్యాగు కావాలంటే ఏం చెయ్యాలండి?"

ఆయన కుర్చీలోంచి లేచి వచ్చి నమస్కారం పెట్టినంత పనిచేశారు. ప్రయాణికుల సంక్షేమ విభాగం వేరే ఉందట. అందులో నిధులు మూలుగుతున్నాయట. మార్చి నెల వస్తోంది, ఒక్క దరఖాస్తూ రాలేదట. "పూర్వము ఉండెనని రుజువు కావాలాండి?" అని నేను వెనక నుంచి అడిగాను.

"ప్రయాణికులకు పూర్వమేమి ఉండును మేష్టారూ? వారికి ఇచ్చుటయే గాని పునరుద్ధరించుట ఉండదు" అని అక్కడే సంతకం పెట్టేశారు.

వర్క్‌షాపువాళ్ళు పీచు పీకి, కొత్త సంచి బిగించి, వైర్లు మార్చి, ఆ సంచిని కనిపెట్టుకుని ఉండే పెట్టె కూడా మార్చారు. తాళం తిప్పగానే ఎర్రబొమ్మ వెలిగి ఆరింది. భ్రమరాంబ చిన్నపిల్లలా మళ్ళీ మళ్ళీ తాళం తిప్పి ఆ బొమ్మను చూసుకుంది. లోవరాజుక్కూడా చూపించింది. దారిలో ఆగి కాజాలు కొని వర్క్‌షాపుకు వెనక్కి వెళ్ళి మరీ పంచిపెట్టాం. ఆ వారం రోజులూ నాకు గుండెల మీంచి బండ దించినట్టుంది.

వారం తర్వాత విశ్వంభరంగారు ఇద్దరు మనుషులతో, పనిముట్లతో వచ్చారు.

"మేష్టారూ, ఒక చిక్కు తలయెత్తినది. సదరు వాహనమందు ఇరువురి ఎదుట వాయుకోశములు కలవు. కావున ఇరువురూ చోదకులే. ఒక వాహనమును ఇరువురు నడుపుట అత్యంత ప్రమాదకరము. ఒకదానిని తొలగించక తప్పదు."

"కొత్త కార్లన్నిటికీ రెండేసి ఉంటున్నాయి కదండీ?"

"అవి పుట్టుకతో వచ్చినవి. తమది అధికారుల దృష్టికి వచ్చినది."

"అయితే నాది తీసేయండి" అంది భ్రమరాంబ వెంటనే. "నాకలవాటే. ఈయనకి అసలే భయం."

"వద్దండి. నాది తీయండి" అన్నాను.

"మీరూరుకోండి. నాకు బెల్టుంది."

"నాకూ ఉంది. నాది తీయండి."

విశ్వంభరంగారు ఇద్దరి వంకా మార్చి మార్చి చూశారు. "ఇరువురూ వద్దనుకొనుట నిబంధనలలో ఊహింపబడలేదు" అని చెమట తుడుచుకున్నారు. పాపం, ఆయన సర్వీసులో అందరూ కావాలనడమే చూశారు.

అప్పుడు నేను జేబులోంచి లైసెన్సు తీశాను. "అయ్యా, లైసెన్సున్న డ్రైవర్ని నేను. ఆవిడ సంచి మీ దస్త్రాల్లో ప్రయాణికుల సంచి. డ్రైవరుతో ప్రయాణికులు వాదించకూడదు. డ్రైవరుగా చెబుతున్నాను, నా ఎదుట ఉన్నది తీసేయండి" అన్నాను. తన ఉత్తర్వును తప్పులేకుండా అప్పజెప్పిన మొదటి పౌరుణ్ణి నేనేనని ఆయన నా చేయి పట్టుకుని ఊపేశారు. భ్రమరాంబ కళ్ళు ఎర్రబడ్డాయి. అరగంటలో నా సంచి ఊడదీసి, దానితోపాటు నా లైసెన్సు కూడా పట్టుకుపోయారు. సంచి ఎదుట ఉన్నది కనుక భ్రమరాంబ మళ్ళీ డ్రైవరైంది. నేను మళ్ళీ ఎవర్నీ కాకుండా పోయాను.

ఇక నేను ఆవిడ వెంట వెళ్ళనక్కర్లేదు. కానీ అలవాటైపోయింది కదా, మర్నాడు కూడా వెళ్ళి ముందుసీట్లో కూర్చున్నాను.

"వెనకాల కూర్చోండి" అంది.

"ఇన్నాళ్ళూ నీ పక్కనే కూర్చున్నాను. ఇప్పుడు వెనక్కెందుకెళతాను?"

ఆవిడ వంగి నా బెల్టు తనే పెట్టి, గట్టిగా లాగి చూసింది. ఇంకోసారి లాగింది. బండి తీసింది. కాలవగట్టు ఎక్కాం. పక్కనుంచి గడ్డిమోపు పెట్టుకున్న సైకిలు ఒకటి మమ్మల్ని దాటి వెళ్ళిపోయింది. కాసేపటికి మేకల మంద దాటింది. వెనక బస్సు హారను మీద హారను కొడుతోంది. ఈ కారు కొన్నాక ఏనాడూ అనని మాట ఆరోజు అన్నాను.

"డ్యూటీకి టైమైపోతోంది భ్రమరా. కాస్త తొక్కవచ్చుగా."

ఆవిడ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"మీ ఎదర ఏం లేదండీ. ఎలా తొక్కమంటారు?"

బస్సు ఇంకోసారి హారను కొట్టింది. భ్రమరాంబ చెయ్యి బయటపెట్టి, దాటిపొమ్మని ఊపింది.